ఇరవై ముఖాల పాచిక

పేకాటలో స్నేహాలు చెడిన సంగతి మనం విన్నాం. చదరంగంలో బల్ల తిరగేసినవాళ్లనీ చూశాం. కాని గెలుపూ ఓటమీ లేని ఆటలో, పైసా పందెం లేకుండా, అందరూ ఒకే పక్షాన నిలబడి దెబ్బలాడుకోవడం చూశారా? చూడాలంటే మీరు మూడు వారాల కిందట ఆదివారం సాయంత్రం మా యింటికి రావలసింది.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు కలిసి వెలువరించారు. మొదట వేసినవి వెయ్యి ప్రతులు. ఆడే పద్ధతి చెబుతాను, చిత్తగించండి. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుంటారు. తలా ఒక పాత్ర పుచ్చుకుంటారు. ఒకరు ఖడ్గవీరుడు, ఒకరు మంత్రగత్తె, ఒకరు దొంగ, యిలాగ. ఎవరి బలం ఎంత, తెలివి ఎంత అన్నవి కాగితం మీద అంకెలు. ఒక్కరు మాత్రం పాత్ర పుచ్చుకోరు. ఆయన సూత్రధారి. "ఎదుట పాత వంతెన. అవతల పదిమంది బందిపోట్లు. మీరేం చేస్తారు?" అంటాడు. వాళ్లు చెప్పినదాన్ని బట్టి కథ నడుస్తుంది. అవుతుందో కాదో తెలియని పనికి ఇరవై ముఖాల పాచిక దొర్లిస్తారు. అంతే.

మా బల్లకు సూత్రధారిని నేను. ఆడేవాళ్లు ముగ్గురు. మా బావమరిది విలుకాడు. ఏ బాణానికి ఎంత దెబ్బ, ఏ కవచానికి ఎంత కాపుదల అన్నీ ఆయనకు కంఠతా వచ్చు. మా మేనకోడలు మంత్రగత్తె. ఆ పిల్ల సత్రంలో అన్నం వడ్డించే ముసలమ్మతో కూడా పావుగంట మాట్లాడి, ఆవిడ కోడలు ఎలాంటిదో కనుక్కుని గాని లేవదు. పక్కింటి మాస్టారు దొంగ. ఆయనకు యుద్ధమూ వద్దు, మాటలూ వద్దు. ప్రతి గుహకూ పటం గీసుకుంటే చాలు.

ఆనాడు వంతెన దగ్గర మా మేనకోడలు రాయబారం మొదలుపెట్టింది. బందిపోట్ల నాయకుడి మాటలు చెప్పేవాణ్ణి నేనే గదా! వాడి ఊరడిగింది. వాణ్ణి అడవి పట్టించిన కరువు సంగతి అడిగింది. అరగంట గడిచింది. నాయకుడు మెత్తబడుతున్నాడు. ఇంతలో మా బావమరిది, "నేను బాణం వేస్తున్నా" అని పాచిక దొర్లించేశాడు. ఇరవై పడింది! ఆ ఆటలో ఇరవై పడితే గురి తప్పడమనేది లేదు. పైగా రెట్టింపు దెబ్బ. నాయకుడు అడ్డంగా కూలిపోయాడు. తరువాత గంటసేపు యుద్ధం మహా రంజుగా సాగింది. మా మేనకోడలు మాత్రం నోరు విప్పలేదు. అయిపోయాక కాగితాలు సంచీలో పెట్టుకుని, "వస్తాను మామయ్యా" అంది. మరుసటి ఆదివారం రాలేదు.

ఈ తగువు మా యింట్లో పుట్టినది కాదు. దీనికి రెండు వందల ఏళ్ల వయసుంది. 1824లో ప్రష్యా దేశంలో రైస్విట్స్ అనే సేనాధికారి, సైనికోద్యోగుల శిక్షణ కోసం పటాలూ, దిమ్మెలూ, పాచికలూ, పట్టికలతో ఒక యుద్ధక్రీడ తయారు చేశాడు. ఎంత దూరాన కాలిస్తే ఎంతమంది పోతారో పట్టిక చెబుతుంది. కొన్నాళ్లకు ఆ లెక్కల్లో ఆట నత్తనడక పట్టింది. 1876లో వెర్డీ దు వెర్న్వా అనే ప్రష్యన్ అధికారి, యీ పట్టికలన్నీ పక్కన పెట్టండి, అనుభవమున్న మధ్యవర్తి నిర్ణయిస్తే చాలునన్నాడు. అంకె గొప్పదా, మనిషి మాట గొప్పదా అన్న పేచీ అన్నమాట. ఆ యుద్ధక్రీడల వంశంలో పుట్టినదే యీ ఆట కనుక, పేచీ కూడా వారసత్వంగా వచ్చింది. 1980లో గ్లెన్ బ్లాకో అనే ఆయన ఒక ఆటల పత్రికలో యీ ఆడేవాళ్లను నాలుగు తెగలుగా విడదీశాడు. తన పాత్ర బలం పెంచుకునేవాళ్లు, యుద్ధతంత్రం కోసం ఆడేవాళ్లు, పాత్రలో జీవించేవాళ్లు, కథ కోసం వచ్చేవాళ్లు. 2014లో వచ్చిన నియమాల పుస్తకం కూడా అన్వేషణ, సంభాషణ, యుద్ధం అని మూడు స్తంభాలు చెప్పింది. చెప్పి, ఎక్కువ పేజీలు యుద్ధానికీ మంత్రాలకే ఇచ్చింది లెండి.

ఇంత చదివినవాణ్ణి, నేను చేసిన నిర్వాకం ఏమిటి? అసలు పాచిక ఎప్పుడు దొర్లాలో చెప్పవలసినవాడు సూత్రధారి. "ఆగవయ్యా, అమ్మాయి మాట పూర్తి కానీ" అని నేనొక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఎందుకనలేదో చెప్పడానికి సిగ్గుగానే ఉంది. ఆ వంతెనా, ఆ బండలూ, పదిమంది బందిపోట్లూ, అంతా గళ్ల కాగితం మీద రెండు రాత్రులు కూర్చుని గీసుకున్నాను. రాయబారం ఫలిస్తే నా యుద్ధం ఏం కావాలి?

బుధవారం నాడు మా చెల్లెలి యింటికి వెళ్లాను. మేనకోడలు కాఫీ ఇచ్చి ఎదురుగా కూర్చుంది.

"బందిపోటు చచ్చాడని కాదు మామయ్యా. నేను మాట్లాడినంతసేపూ మీరంతా నా వంతు ఎప్పుడవుతుందా అని చూశారు. కాలేజీలోనూ నోరు విప్పితే అంతే. ఇక్కడన్నా వింటారనుకున్నాను."

నా దగ్గర జవాబు లేదు. కాఫీ తాగి వచ్చేశాను.

మర్నాడు బావమరిదిని అడిగాను. అతను నొచ్చుకున్నాడు. "పొద్దుట పదింటినుంచి కౌంటరు దగ్గర కూర్చుని జనం చెప్పిందల్లా వింటాను బావా. ఒక్క వ్యవహారమూ ఆ రోజుతో తేలదు. వారానికొక్క పూటైనా నా చేత్తో ఏదో ఒకటి తేలిపోవాలని ఉంటుంది. ఆ అరగంటా నేను చేతులు ముడుచుకు కూర్చున్నాను. అది మీకెవరికైనా పట్టిందా?"

అదీ నిజమే. పౌరాణిక నాటకాల్లో కృష్ణ పాత్రధారి పద్యాన్ని రాగం మీద రాగం తీసి పాడుతూంటే, వెనక గదతో నిలబడ్డ భీముడు ఏం చెయ్యాలి? అతనూ ముఖానికి రంగు పూసుకునే వచ్చాడు గదా!

ఆ ఆదివారం ఆట పెట్టలేదు. నలుగురినీ ఊరికే కూర్చోబెట్టాను. మా మేనకోడలు వచ్చింది, కాని కుర్చీ కొంచెం ఎడంగా వేసుకుంది. ఎవరికేం కావాలో పైకి చెప్పమన్నాను. మొదటి రోజే చెయ్యవలసిన పని! మూడు ఒప్పందాలు కుదిరాయి. ఒకరు మొదలుపెట్టిన పనిని రెండోవారు చెడగొట్టేముందు వాళ్లనే అడగాలి. రాయబారం ఇరవై నిమిషాలకు మించకూడదు, మాటల్లో మిగతా ఇద్దరినీ కూడా కలుపుకోవాలి. మూడోది నాకు: యుద్ధం కోసం గీసిన పటం వాడకుండా పోయినా మూతి ముడుచుకోకూడదు. "నేను గీసినవి ఎవరు చూశారు గనక!" అన్నారు మాస్టారు. ఆయన పటాలు ఆనాడే మొదటిసారి అందరం విప్పి చూశాం.

మొన్న మళ్లీ ఆడాం. చచ్చిన నాయకుడి తమ్ముణ్ణి వంతెన మీదికి తెచ్చాను, అన్న రక్తానికి లెక్క అడగడానికి. నా గళ్ల కాగితం సిద్ధంగానే ఉంది. మా మేనకోడలు బావమరిది వంకే చూస్తోంది. అతను పాచిక చేతిలోకి తీసుకున్నాడు. అందరి గుండెలూ గుభేలుమన్నాయి. దాన్ని బల్ల మీద పెట్టి, పైన ఖాళీ కాఫీగ్లాసు బోర్లించాడు.

"మాట్లాడమ్మా. గడియారం మాత్రం చూస్తూంటా" అన్నాడు.

"వాడి అన్నను చంపింది మీరు గదా బాబాయిగారూ. ముందు మీరే మాట్లాడాలి" అంది మా మేనకోడలు.