ఖీమా కూర – వండిన ఆమె వాటా

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలలో పెద్దకూర తినే ఇళ్లకు ఖీమా కొత్త కాదు. ఎముక ఉండదు, త్వరగా ఉడుకుతుంది, పిల్లలు ఇష్టపడతారు. తినని వారిని తినమనడం నా ఉద్దేశం కాదు. తినేవారు ఎలా తినాలన్నదే ఇక్కడి విషయం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం తెలంగాణలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉన్నది. మాంసంలోని ఇనుము ఆకుకూరలలోని ఇనుము కంటే సులభంగా ఒంటబడుతుంది. పైగా, దానితో కలిపి తిన్న పప్పు, కూరలలోని ఇనుమును కూడా శరీరం మరింతగా గ్రహిస్తుంది. అందుచేత అరకిలో ఖీమాలో గుప్పెడు నానిన శనగపప్పు, రెండు కట్టల మెంతికూర వేయండి. దించిన తరువాత నిమ్మరసం పిండండి. తిన్న వెంటనే చాయ్ మాత్రం వద్దు; అది ఇనుమును అడ్డగిస్తుంది.

ముక్క మాంసంలో సూక్ష్మజీవులు సాధారణంగా పైభాగానే ఉంటాయి. ఖీమా కొట్టగానే అవి అంతటా కలుస్తాయి. కనుక రంగు మారగానే దించరాదు. శనగపప్పు మెత్తబడేదాకా మరగనిస్తే ఆ భయం ఉండదు.

ఇక అసలు మాట. మన ఇళ్లలో గిన్నె ముందుగా మగవారి వద్దకు పోతుంది. వండిన ఆమెకు మిగిలేది అడుగున ఉన్న నూనె, పులుసు! సర్కారు దవాఖానాలో ఇనుము మాత్రలు ఎన్ని రాసినా ఈ వరుస మారలేదు. మాత్రలు మానవద్దు. కానీ ఇంట్లో గర్భిణిగాని బాలింతగాని ఉంటే, గిన్నె దించగానే ముందు ఆమె పళ్లెంలో రెండు గరిటెలు వడ్డించండి.