మంత్రం మీద మంత్రం

ఆగ్నేయాస్త్రానికి వారుణాస్త్రం విరుగుడనీ, నాగాస్త్రానికి గరుడాస్త్రం ఉన్నదనీ మన పురాణకథలు విన్న పిల్లలకు కూడా తెలుసు. కాని ఇద్దరు వీరులు ఒకే చోట ఆగ్నేయాస్త్రమే వేస్తే మంట రెట్టింపవుతుందా? కథ చెప్పేవాడు ఈ ప్రశ్నను దాటిపోవచ్చు. ఆట నడిపేవాడు మాత్రం జవాబు చెప్పి తీరాలి.

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికనులు రూపొందించగా 1974లో వెలువడింది. నలుగురైదుగురు బల్ల చుట్టూ కూర్చుని యోధుడు, మాంత్రికుడు, పురోహితుడు వంటి పాత్రలు ధరిస్తారు. సూత్రధారి కథ నడుపుతూ తీర్పులు చెబుతాడు. దెబ్బ ఎంతటిదో పాచికలు తేలుస్తాయి. పాత్ర మరణిస్తే నెలల తరబడి పెంచుకున్న మనిషి పోయినట్లే. కనుక నియమాలలో ప్రతి మాటకూ విలువ ఉన్నది.

2014లో వచ్చిన అయిదవ కూర్పులోని మూలసూత్రం చిన్నది. వేర్వేరు మంత్రాల ఫలితాలు, వాటి గడువులు కలిసినంతసేపూ, ఒకదానికొకటి తోడవుతాయి. ఒకే మంత్రాన్ని ఎందరు ప్రయోగించినా ఫలితాలు కూడవు. వాటిలో బలమైనదే చెల్లుతుంది. ఉదాహరణకు, పురోహితుని చుట్టూ 15 అడుగుల మేర తిరుగుతూ శత్రువులను గాయపరిచే రక్షకాత్మల మంత్రం ఒకటి కలదు. ఇద్దరు పురోహితులు పక్కపక్కన నిలిచి దానినే ప్రయోగించినా, రెండు వలయాలు కలిసిన చోట ఆ గాయం రెండింతలు కాదు. వారిలో ఒకరు మారుగా వెన్నెలకిరణ మంత్రాన్ని అక్కడ దింపితే రెండు గాయాలూ తగులుతాయి.

అగ్నిగోళం సంగతి వేరు. అది క్షణంలో పేలి ముగుస్తుంది, దానికి నిలిచే గడువు లేదు. ఒకదాని వెంట ఒకటి రెండు విసిరితే, ఎనిమిదేసి పాచికల దెబ్బ రెండుసార్లూ తగులుతుంది. ఉల్కాపాత మంత్రం ఒక్క ప్రయోగంతోనే నాలుగు చోట్ల, ఒక్కొక్కటి 40 అడుగుల వ్యాసార్ధంతో పేలుతుంది. అయినా రెండు పేలుళ్ల నడుమ చిక్కినవాడు గాయపడేది ఒక్కసారేనని ఆ మంత్ర వివరణలోనే స్పష్టం చేశారు.

ఈ కట్టుబాటు లేకపోతే నలుగురూ ఒకే వేషం కట్టి, ఒకే మంత్రం చదివి ప్రతి యుద్ధమూ గెలుస్తారు. అప్పుడు తోటివాడి ప్రత్యేకతతో ఎవరికీ పని ఉండదు.

పరస్పర విరుద్ధమైన మంత్రాలు ఎదురైనప్పుడు స్థాయి చూడాలి. చీకటి రెండవ స్థాయి మంత్రం. ఆ స్థాయికి మించని మంత్రపు వెలుగు ఏ మూలనైనా దానితో కలిస్తే, ఆ వెలుగు మంత్రం సాంతం రద్దవుతుంది. మూడవ స్థాయి పగటివెలుగు వచ్చి తాకితే ఆ చీకటికే చెల్లుచీటి.

ఇక్కడ అనువాదకుడు జాగ్రత్తపడవలసిన చోటు ఒకటున్నది. మూలంలోని ‘డిస్పెల్’, ‘సప్రెస్’ అనే రెండు మాటలకూ తెలుగులో ‘తొలగించు’ అని రాస్తే చదవడానికి హాయిగానే ఉంటుంది, కాని ఆట తప్పుతుంది. మొదటిది రద్దు, రెండవది నిలుపుదల. మంత్రబలంతో ఎగిరేవాడు 10 అడుగుల వ్యాసార్ధం గల మంత్రనిరోధ వలయంలో ప్రవేశిస్తే కింద పడతాడు. అతని మంత్రం మాత్రం చావలేదు. గడువు మిగిలి ఉండగా వలయం దాటగలిగితే తిరిగి ఎగురుతాడు. అయితే లోపల గడిచిన కాలం కూడా గడువులో తరిగిపోతుంది. ఆ మంత్రం రద్దయిందని సూత్రధారి పొరపడితే, తిరిగి ఎగిరి ప్రాణం దక్కించుకోగలవాడు నేలమీదనే చిక్కిపోతాడు.

కొన్ని మంత్రాలు వస్తుగుణం చేతనే కలుస్తాయి. మంత్రపు సాలెగూడు మండుతుంది. నిప్పు తగిలితే అందులో చిక్కిన మిత్రుడూ కాలుతాడు. మంత్రపు పొగమంచు గంటకు 10 మైళ్ల గాలికే చెదురుతుంది.

కనుక రెండు వలయాలు కలిసినప్పుడు సూత్రధారి నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి. రెండూ ఒకే మంత్రమా? గడువు ఉన్నవా, క్షణికాలా? స్థాయి ఎంత? రద్దా, నిలుపుదలా? జవాబులు పాచికలు వేయకముందే అందరికీ చెప్పాలి. పాచికలు పడిన తరువాత చెప్పిన తీర్పు ఎంత సరియైనదైనా, ఓడినవానికి పక్షపాతంగానే వినిపిస్తుంది.