కరెంటు పెట్టిన కాగితం పారేయకండి

కనిగిరి వైపు పిల్లాడు ఎదగకపోయినా, కాళ్ళు లాగుతున్నాయన్నా, నీరసంగా మూల కూర్చున్నా అందరి నోటా ఒకటే మాట: నీళ్ళల్లో ఫ్లోరైడ్. ఆ నీళ్ళు తాగి నడుములు వంగిపోయినవాళ్ళను చూసిన ఊళ్ళు, ఆ అనుమానం రావడం న్యాయమే. కానీ ఆ పిల్లాడికి చిన్నప్పుడు బ్లడ్ క్యాన్సర్ వచ్చి, గుంటూరులోనో హైదరాబాద్‌లోనో తలకు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించి ఉంటే, తప్పు నీళ్ళ మీద తోసేసి ఊరుకోకూడదు.

మన దేశంలో 1984లో వచ్చిన ఎంసీపీ-841 అనే బ్లడ్ క్యాన్సర్ చికిత్సా విధానం ఎందరో పిల్లల్ని బతికించింది. క్యాన్సర్ కణాలు మెదడులో దాక్కోకుండా తలకు రేడియేషన్ ఇవ్వడం అందులో భాగం. అప్పట్లో అది చేయాల్సిన పనే. అయితే మెదడు అడుగున బఠాణీ గింజంత పిట్యూటరీ గ్రంథి ఉంది. దానికీ, దాన్ని నడిపించే హైపోథాలమస్‌కూ రేడియేషన్ దెబ్బ ఏళ్ళు గడిచాక బయటపడుతుంది. సాధారణంగా ముందు తగ్గేది ఎదుగుదల హార్మోను. కొందరు ఆడపిల్లలు ఈడుకు ముందే పెద్దమనుషులవుతారు. ఇంట్లో పండగ చేస్తారు గానీ, లోపల ఎముకలు తొందరగా ముదిరి ఎత్తు అక్కడే ఆగిపోతుంది. ఎముకలు ముదరకముందే డాక్టరు దగ్గరికి వెళితేనే ఎత్తుకు ఏదైనా చేయగలిగేది. మెడకు కరెంటు పెట్టినవాళ్ళకైతే థైరాయిడ్ మందగించడం, ఇరవై ఏళ్ళ తర్వాత కూడా గడ్డలు రావడం ఉంది.

అసలు చిక్కు పరీక్షలో ఉంది. నీరసమంటే ల్యాబులో టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష ఒక్కటే చూస్తారు. పిట్యూటరీయే దెబ్బతింటే ఆ అంకె మామూలుగానే కనిపించవచ్చు, థైరాయిడ్ హార్మోను మాత్రం తక్కువగా ఉంటుంది. ఫ్రీ టీ4 కూడా చూస్తేనే తెలుస్తుంది. అది చూడాలని డాక్టరుకు తట్టాలంటే పాత చికిత్స సంగతి తెలియాలి.

ఆ సంగతి చెప్పే ఫైలు చాలా ఇళ్ళలో ఉండదు. జబ్బు పోయిందిగా అని పారేస్తారు, లేదా పెళ్ళి సంబంధాలప్పుడు ఎవరి కంటా పడకూడదని చింపేస్తారు. ఆడపిల్ల తల్లిదండ్రుల భయం నాకు అర్థమవుతుంది. కానీ లోకం నుంచి దాచబోయి డాక్టరు నుంచి కూడా దాస్తున్నాం. కరెంటు శరీరంలో ఎక్కడ పెట్టారు, ఎంత మోతాదు (ఎన్ని గ్రేలు), ఏ సంవత్సరం అన్నది రాసిన కాగితం ఆసుపత్రిని అడిగి తీసుకోండి. ముంబయి టాటా ఆసుపత్రిలో చికిత్స ముగిసిన పిల్లల కోసమే 1991 నుంచి ప్రత్యేక క్లినిక్ నడుస్తోంది. ఒంగోలు రిమ్స్‌లో నెలకొక పూట అలాంటిది పెడితే కనిగిరి పిల్లలకు బస్సు దూరంలో దొరుకుతుంది. ఆ పూట కోసం మన ప్రజాప్రతినిధులు పట్టుబట్టాలి.