పట్టుపోగు చెంత పది నిమిషములు

వార్తాపత్రికతోపాటు కరపత్రములు వచ్చుట హైదరాబాదునందలి మా నాచారమున నూతనమేమియు కాదు; బోరుబావుల మరమ్మతు మొదలు కళాశాలల ర్యాంకుల వరకు సమస్తమును ఆ మడతలలోనే మా గుమ్మము చేరుచుండును. గతవారము జారిపడిన నిగనిగలాడు కాగితముపై చీనా మహాకుడ్యము, దాని క్రింద మట్టిసైనికులు, ప్రక్కన పట్టుకండె చేతబట్టి నవ్వుచున్న యువతి, ఆ పైని ‘ఎనిమిది దినములు, నాలుగు నగరములు, మన భోజనము’ అను వాగ్దానము కనబడినవి. 2020లో నిలిచిపోయిన ప్రత్యక్ష విమానములు 2025 అక్టోబరు 26న కలకత్తానుండి గ్వాంగ్‌జౌకు మరల ఎగిరిన పిమ్మట ఇట్టి కాగితములు మావైపునకును వచ్చుట వింత కాదు.

బృందయాత్ర లనగానే పెదవి విరుచు మహాశయులు కొందరు కలరు. జెండా పట్టినవాని వెనుక మందవలె నడుచుట యాత్ర కాదనియు, ఒంటరిగా తిరిగినవానికే దేశము దర్శనమిచ్చుననియు వారి వాదము. భాష తెలియక, లిపి తెలియక, నిత్యము వాడు వాట్సాపు సైతము పనిచేయని దేశమున, మోకాళ్ల నొప్పులతోను మాత్రల సంచితోను డెబ్బదియేండ్ల వృద్ధురాలు ఒంటరిగా తిరుగుట ఎట్లో వారు సెలవియ్యరు. పులిహోర పొట్లము, ఆవకాయ సీసా వెంటగొని పోవుటయు వారికి పరిహాసాస్పదమే; ఏ కూరలో ఏ మాంసఖండము దాగియున్నదో తెలియనిచోట శాకాహారికి కందిపొడియే ధైర్యము. కావున దోషము బృందమునందు లేదు. ఆ బృందమును ఎవరనుకొని, ఎంతసేపు, ఏమి చూపుచున్నారనునదే నా ప్రశ్న.

విమానములు నిలిచిపోవుటకు కొంతకాలము ముందు నేనును అట్టి బృందములో ఒకడనై వెళ్లితిని. మాలో పలువురు ఉప్పలు, నాచారము, మల్లాపురము వాసులు: పారిశ్రామికవాడలో లేతుయంత్రము ముందు ముప్పదియేండ్లు నిలిచి విశ్రాంతి గొన్న టర్నరు ఒకరు, పరిశోధనాలయములో పనిచేసిన దంపతులు, బడిపంతుళ్లు ఇద్దరు, కుమారుని కొలువు నిమిత్తము పోచంపల్లి విడిచి హెచ్.ఎం.టి. నగరున కాపురమున్న పద్మశాలి పెద్దావిడ ఒకతె. సూజౌ నగరమున మమ్ము పట్టు కర్మాగారమునకు గొనిపోయిరి. వేడినీటి తొట్టిలో పట్టుగూళ్లు తేలుచుండెను. పనిచేయు స్త్రీ చిన్న కుంచెతో వానిని పైపైని కదపగా చిక్కుచిక్కుగా పీచు లేచెను. ఆ చిక్కులోనుండి ఏడెనిమిది గూళ్ల కొనలను వ్రేళ్లతో ఏరి, ఒక్కటిగా చేర్చి, పైని తిరుగు రాట్నమునకు అందించెను. ఒక్కొక్క గూటియందు సుమారు 1,000 మీటర్ల పోగు తెగక యుండునని మార్గదర్శి చెప్పుచుండ, మేము ఫోటోలు తీయుచుంటిమి.

పెద్దావిడ ఫోటో తీయలేదు. అడ్డముగా కట్టిన తాడు దాటి ముందునకు పోయి, ప్రక్కనున్న కండెనుండి ఒక పోగు లాగి, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నలిపి చూచి, నావైపు తిరిగి, “పురి ఎక్కలే ఇంకా బిడ్డా, ఉత్త పోగు. ఇది ఆసుకు నిలువది” అనెను. (నేతకు ముందు పోగును అటునిటు ఆడించి సిద్ధపరచు పనికి ఆసు అని పేరు.) ఈ పెద్దావిడకు చీనా భాష రాదు, పనిచేయు ఆ స్త్రీకి తెలుగు రాదు. ఈమె అరచేతిలో పోగునకు పురిపెట్టునట్లు అభినయింపగా ఆమె పకపక నవ్వి, తన పీటను జరిపి చోటిచ్చెను. పెద్దావిడ తడికుంచె చేతబట్టి రెండు గూళ్ల కొనలు దొరకబుచ్చుకొనెను. మూడవదానికై వంగునంతలో మార్గదర్శి జెండా ఊపెను. లోపల మాకు దక్కినవి పది నిమిషములు. అంగడిలో గంటయు పావు.

ఆ అంగడిదారిలో మరియొక వేడుక కలదు. రెండు పురుగులు కలిసి కట్టిన గూటినుండి చిక్కులేని పోగు తీయుట కష్టము గనుక, దానిని విప్పి సాగదీసి బొంతలకు పొరలుగా పరతురు. నలుగురు నాలుగు మూలలు పట్టి లాగవలెను. యాత్రికులచేతను ఒకమారు లాగింతురు. అరచేతిలో ఇమిడిన తెల్లని ముద్ద మంచమంత విస్తరించుట చూడవలసినదే. చేతులు వదలక ముందే బొంత ధర చెప్పుదురు.

బీజింగునందలి మీనాపని కథయు ఇట్టిదే. దానికి జింగ్‌తాయ్‌లాన్ అని పేరు. మింగు వంశపు జింగ్‌తాయ్ కాలమున (1450–1457) వన్నెకెక్కినందున ఆ యుగనామమును, ‘లాన్’ అనగా నీలము గావున ఆ వర్ణమును కూడి ఆ పేరు ఏర్పడినది. రాగిపాత్రపై సన్నని రాగితీగను పటుకారుతో వంచి జిగురుతో అంటించి పూలును మేఘములును తీర్తురు. ఆ గళ్లలో రంగుగాజు పొడిని నీట కలిపి చుక్కచుక్కగా నింపి కొలిమిలో కాల్తురు. కాలిన రంగు క్రుంగును. మరల నింపుదురు, మరల కాల్తురు. తుదకు నీరు పోయుచు రాతితో నునుపుచేసి బంగారు పూత పూయుదురు. తీగ వంచుచున్న బాలిక ముందు అందరును గుమిగూడిరి గాని, మా టర్నరు నునుపుచేయు యంత్రము చెంత నిలిచి, దాని చప్పుడు చెవియొగ్గి విని, “మన లేతే సార్ ఇది, టూల్ జాగల రాయి పెట్టిండు” అని సంబరపడెను. ఆ రాయి ఎట్టిదో, ఎన్ని దినములకు అరుగునో కనుగొనవలెనని ఆయన కోరిక. ఆ ప్రశ్నను అనువదించుటకు మార్గదర్శికి తీరిక లేకపోయెను.

ఇదియే నా ఆక్షేపణము. ఉప్పలునుండియు నాచారమునుండియు బయలుదేరు బృందములలో చేతిపని ఎరిగినవారు కొల్లలుగా నుందురు. పోగు పట్టి పురి చెప్పగలవారు, చప్పుడు విని యంత్రవేగము చెప్పగలవారు వారిలో కలరు. అట్టివారిని యాత్రానిర్వాహకులు కేవలము డబ్బుసంచులుగా భావించుచున్నారు. యాత్రాశుల్కము తక్కువ చేసి, ఆ లోటును అంగళ్లవారి కమీషనుతో పూడ్చుకొను పద్ధతి చాల దేశములలో కలదు. చీనా ప్రభుత్వమే దీనిని సహింపక, 2013 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చిన పర్యాటక చట్టమున, చౌక ధరతో ఆకర్షించి నిర్ణీతమైన అంగళ్లకు తోలుకొనిపోవుటను నిషేధించినది. అట్లు కొనిపించిన వస్తువులను యాత్ర ముగిసిన 30 దినములలోపల త్రిప్పియిచ్చి సొమ్ము పొందు హక్కును యాత్రికునకు ప్రసాదించినది. నలుబదిమంది ఒక్క గొంతుతో ‘మాకు అంగడి వలదు, పనివారి చెంత మరియొక గంట కూర్చుండనిండు’ అని యడిగిన కాదనగల నిర్వాహకుడెవడు? ఒంటరి యాత్రికునకు లేని ఈ బలము బృందమునకు కలదు. మేము దానిని ఆలస్యముగా తిన్న భోజనమును గూర్చి దెబ్బలాడుటకు మాత్రమే వినియోగించితిమి.

ఏడవ శతాబ్దిని చీనానుండి వచ్చిన హ్యూయాన్‌త్సాంగు మన ధాన్యకటకమున కొన్ని నెలలు నిలిచి, ఇద్దరు భిక్షువుల చెంత అభిధర్మము నభ్యసించి, వారికి తాను నేర్చినది బోధించెను. ఆయన స్వదేశమునకు మోసికొనిపోయిన గ్రంథములు 657. అన్ని నెలల తీరిక మనకు లేదు, నిజమే; సగము దినమైన లేదా?

నిర్వాహకులు కరపత్రమున అంగళ్ల సంఖ్యను దాచక అచ్చువేయవలెను. నాలుగు నగరములలో ఒకదానిని తగ్గించి, ఆ కాలమును ఒక్క పనికి, ఒక్క పనివారికి ఇయ్యవలెను. ప్రయాణమునకు ముందు ఒక ఆదివారము బృందమును సాలార్‌జంగు ప్రదర్శనశాలయందలి చీనా పింగాణుల చెంతకును, మరియొక ఆదివారము ఉప్పలు రింగురోడ్డున బస్సెక్కించి సుమారు 40 కిలోమీటర్ల దూరమందున్న పోచంపల్లికిని గొనిపోవుట మంచిది. వరంగల్లు బాటలో ఇంకను ముందునకు పోయిన ఆలేరు వచ్చును. ఒక్క చీరకు వేలమారులు చేయి అటునిటు ఆడింపవలసిన ఆసుపనిలో తల్లి భుజములు పడు బాధ చూడలేక 1999లో ఆసుయంత్రము నిర్మించి, 2017లో పద్మశ్రీ పొందిన చింతకింది మల్లేశము ఆ ప్రాంతమువాడే. స్వదేశాభిమానమును ప్రకటించుటకై నేనీ మాట చెప్పుటలేదు. ఆసు చూచిన కన్ను సూజౌలో పోగును వేరుగా చూచునని ఆ పెద్దావిడ వలన ప్రత్యక్షముగా ఎరిగినవాడనై చెప్పుచున్నాను.

మొన్న ఆ కరపత్రమును ఆమెకు చూపితిని. చత్వారపు అద్దములు పెట్టుకొని మనుమనిచేత ప్రతి పంక్తియు చదివించుకొని, “పట్టు కార్ఖానా: 45 నిమిషాలు” అనుచోట ఆగి, అందులో దుకాణమెంత, పని ఎంత అని యడిగెను. నాకు తెలియదంటిని. ఆమె మనుమడు ఆ అంకెను కలముతో కొట్టివేసి, ప్రక్కన ‘సగం రోజు, దుకాణం వద్దు’ అని వ్రాసి, ఫోటో తీసి నిర్వాహకునకు పంపెను. రెండు నీలి గీతలు పడినవి గాని, జవాబు ఇంకను రాలేదు.