కాళ్లకు ఏ ర్యాంకు ఇచ్చారు సార్?

పౌర విమానయాన డైరెక్టర్ జనరల్ గారికి,

ఫ్లయింగ్ స్కూళ్లకు 2025 అక్టోబరు నుంచి మీరు మొదలుపెట్టిన ర్యాంకులు చూశాను. మొదటి జాబితాలో ఎ ప్లస్ ప్లస్ లేదు, ఎ కూడా లేదు. 13 స్కూళ్లకు బి, 22 స్కూళ్లకు సి. దాచకుండా బయటపెట్టారు, సంతోషం. కానీ టేకాఫ్ పరుగులో విమానం రన్‌వే పక్క గడ్డిలోకి ఎందుకు పోతోందో అందులో ఏ గడిలో వేశారు?

మీకు తెలియనిది కాదు. సెస్నా 152 శిక్షణ విమానంలో థ్రాటిల్ పూర్తిగా తోయగానే ప్రొపెల్లర్ చుట్లు తిప్పి విసిరే గాలి తోక నిలువు రెక్కను ఎడమవైపు కొడుతుంది, ముక్కు ఎడమకు లాగుతుంది. కుడి రడ్డర్ వెయ్యాలి, అదీ కొద్దికొద్దిగా. కొత్త కుర్రాడు కారు అలవాటుకొద్దీ చేతిలోని కంట్రోల్ వీల్ కుడికి తిప్పుతాడు. నేలమీద దానితో దారి మారదు. కంగారుపడి రడ్డర్ పెడల్ తొక్కేస్తాడు. ఎక్కువైతే రెండో కాలు. మడమ నేలకు ఆనకపోతే పాదం పైకి జారి బ్రేకు మీద పడుతుంది. ముక్కు చక్రం లేచాక దానితో తిప్పే వీలూ పోతుంది, ఎడమ లాగుడు సరిగ్గా అప్పుడే పెరుగుతుంది. ఆపైన అడ్డగాలి. అంతా కొన్ని సెకన్లలో.

తర్వాత నివేదికలో ఒక్క ముక్క: విద్యార్థి విమానాన్ని అదుపు చేయలేకపోయాడు. అదుపు తప్పిందని మాకూ కనపడింది సార్! సోలోకి పంపేముందు అడ్డగాలిలో ఎన్ని టేకాఫ్‌లు చేయించారు? విమానం ఖాళీ లేదని వారాల తరబడి కూర్చోబెట్టి, ఆ పొద్దున్నే పంపారా? అంతకుముందంతా రడ్డర్ ఇన్‌స్ట్రక్టరే తొక్కుతూ వచ్చాడా? (ఇది మామూలే. సార్టీ తొందరగా ముగియాలి కదా.) తేడా అనిపిస్తే థ్రాటిల్ వెనక్కి లాగి ఆపేయడం నామోషీ కాదని ఎవరైనా చెప్పారా?

ఈమధ్య ఒక స్కూల్లో, పేరెందుకులెండి, ఇలా గడ్డిలోకి పోయిన కుర్రాడి చేత మళ్లీ రాత పరీక్ష రాయించారట. కాళ్లకు రాత పరీక్ష!

కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు కావాలి. ఆ గంటల్లో రడ్డర్ ఎవరు తొక్కారో లాగ్‌బుక్ చెప్పదు, మీరూ అడగరు.

తర్వాతి ర్యాంకులు ఇచ్చేలోగా ఏదో ఒకటి చేయండి. ఏం చేయాలో మీ ఇన్‌స్పెక్టర్లకు తెలుసు. వాళ్లలోనూ పక్కసీట్లో కూర్చుని రైట్ రడ్డర్ అని గొంతు పోయేలా అరిచినవాళ్లున్నారు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్,
హైదరాబాద్