మ్యూజియం ముందు మూడు మెట్లు

మొన్న చలికాలంలో ఒక చిన్న ఊరి మ్యూజియానికి వెళ్లాం. వెంట మా మాస్టారు. తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన మనిషి; పక్షవాతం వచ్చాక చక్రాల కుర్చీలోనే తిరుగుతున్నారు. గుమ్మం ముందు మూడు మెట్లు. వాచ్‌మన్ మంచివాడు, లోపల్నుంచి ఇంకొకణ్ని కేకేశాడు. "భయపడకండి మాస్టారూ, కుర్చీతో సహా లేపేస్తాం" అన్నాడు. మాస్టారు నవ్వారు. "పల్లకీ ఎక్కే వయసా నాయనా నాది? మీరు చూసి రండి."

మెట్ల పక్కన సిమెంటు వాలు లేకపోలేదు. దాని మీద స్కూటరు టైర్ల గుర్తులున్నాయి. అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవున వాలు ఉండాలన్నది లెక్క. ఆరేసి అంగుళాల మెట్లు మూడంటే అడుగున్నర ఎత్తు, 18 అడుగుల ర్యాంపు. అక్కడున్నది నాలుగడుగులకు మించదు. స్కూటరు ఎక్కుతుంది, కుర్చీ ఎక్కదు.

లోపల నాణేలన్నీ ఛాతీ ఎత్తు బల్లల్లో పడుకోబెట్టి ఉన్నాయి. మాస్టారు లోపలికి వచ్చినా ఆయనకు కనిపించేది బల్ల అంచే. కూర్చోవడానికి హాలు మొత్తానికి ఒక్కటే కుర్చీ, వాచ్‌మన్‌ది. మోకాళ్ల నొప్పులతో వచ్చిన ఒక పెద్దావిడ గోడకు ఆనుకుని నిలబడింది.

చిన్న మ్యూజియాలకు డబ్బూ చోటూ తక్కువే, కాదనను. కొన్ని పాత ఇళ్లు కూడాను: విజయనగరంలో గురజాడ ఇల్లు, రాజమండ్రిలో కందుకూరి ఇల్లు. ఆ రోజుల్లో అరుగూ గడపా లేకపోతే అది ఇల్లే కాదు. ఇప్పుడు గడప కోసేయమని ఎవరూ అనడం లేదు. అటూ ఇటూ వాలుగా ఒక చెక్క చేయించి పొద్దున వేసి సాయంత్రం తీసేస్తే చాలు; చేయడం ఏ వడ్రంగికైనా ఒక పూట పని. పాతదనం చెడుతుందని ఎవరైనా అంటే నాకు నాగార్జునకొండ గుర్తొస్తుంది. సాగర్ నీళ్లు ముంచక ముందే లోయలోని కట్టడాలు కొన్నింటిని విప్పి, కొండ మీదా అనుపులోనూ తిరిగి పేర్చుకున్నవాళ్లం మనం.

వికలాంగుల హక్కుల చట్టం 2016లోనే వచ్చింది, నియమాలు 2017లో. ప్రజలు వచ్చిపోయే పాత భవనాలను సరిచేయడానికి ఇచ్చిన గడువు ఐదేళ్లు. అది ఎప్పుడో దాటిపోయింది. రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరులో సుప్రీంకోర్టు, అందుబాటు ప్రమాణాలు ఉత్త సలహాలుగా మిగలకూడదు, కనీసం కొన్నయినా తప్పనిసరి చేయాలని చెప్పింది. మనుషులు ఎత్తి మోసే ఏర్పాటును నేను ఏర్పాటుగా లెక్కించను. మోసేవాడు ఎంత మంచివాడైనా సరే.

మేం బయటికి వచ్చేసరికి మాస్టారు ప్రహరీ పక్కన ఉన్నారు. లోపల చోటు చాలక ఎండకూ వానకూ వదిలేసిన వీరగల్లు ఒకటుంది అక్కడ. దాని మీద నీళ్లు చిలకరించి, తేలిన అక్షరాలను వేలితో తడుముతూ చదువుతున్నారు. కింది రెండు పంక్తులు మట్టిలో ఉన్నాయి. వాచ్‌మన్ గొంతుక్కూర్చుని చేత్తో మట్టి తీస్తున్నాడు.