అడిగే పద్ధతిలోనే ఉంది కిటుకు

యూట్యూబ్ నుంచి లెక్కలు తెచ్చుకునే ప్రోగ్రామర్లకు మన దేశంలో తేదీ అర్ధరాత్రి మారదు. వేసవిలో మధ్యాహ్నం పన్నెండున్నరకు, చలికాలంలో ఒకటిన్నరకు మారుతుంది. అమెరికా పడమటి తీరంలో రాత్రి పన్నెండు కొట్టినప్పుడే యూట్యూబ్ డేటా ఏపీఐ రోజువారీ కోటా మళ్లీ నిండుతుంది మరి. ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాంను సమాచారం అడిగేందుకు పెట్టిన ద్వారమే ఏపీఐ. మామూలుగా ఒక ప్రాజెక్టుకు దొరికే కోటా రోజుకు 10,000 యూనిట్లు. వినడానికి పెద్ద సంఖ్యే. కానీ ఒక్కసారి సెర్చ్ చేస్తే 100 యూనిట్లు ఖర్చయిపోతాయి. నూరు సెర్చ్‌లతో ఆ రోజు పని ముగుస్తుంది.

జర్నలిజం చదివే విద్యార్థి ఎవరైనా, ఎన్నికల వేళ తెలుగు న్యూస్ ఛానెళ్లు ఏ అంశం మీద ఎన్ని వీడియోలు చేశాయో లెక్కగట్టాలనుకుంటే మొదట తట్టేది సెర్చే. ఛానెల్ పేరిచ్చి వీడియోలు చూపించమని అడుగుతారు. విడతకు 50 చొప్పున వస్తాయి. పది విడతలు లాగేసరికి జాబితా ఆగిపోతుంది. ఒక ఛానెల్‌కు పరిమితం చేసి వీడియోలు వెతికితే 500కు మించి రావని యూట్యూబ్ తన సూచనల్లోనే రాసిపెట్టింది. రోజుకు పదుల కొద్దీ వీడియోలు ఎక్కించే ఛానెల్‌కు 500 అంటే కొద్ది వారాల సరుకు. అక్కడే చాలామంది చేతులెత్తేస్తారు. మరికొందరు ఇంకో నాలుగు ఖాతాలు తెరిచి నాలుగు కోటాలు పోగేస్తారు. అది నిబంధనలకు విరుద్ధం.

నిజానికి ఆ రెండూ అక్కర్లేదు. ప్రతి ఛానెల్‌కూ అది ఎక్కించిన వీడియోలు వరసగా ఉండే ప్లేలిస్టు ఒకటి ఉంటుంది. దాని గుర్తింపు సంఖ్య ఏమిటో అడిగితే ఏపీఐయే చెబుతుంది. ఆ ప్లేలిస్టు చదవడానికి 50 వీడియోలకు ఒక్క యూనిట్. ఆ 50 వీడియోల నిడివి, ఎంతమంది చూశారన్న లెక్క తెచ్చుకోవడానికి మరో యూనిట్. 15,000 వీడియోలున్న ఛానెల్‌కు జాబితా కోసం 300, వివరాల కోసం 300, మొత్తం 600 యూనిట్లు. ఆరు సెర్చ్‌ల ఖరీదులో ఛానెల్ చరిత్రంతా చేతికొస్తుంది. కోటా పెరగలేదు, ఎవరి కళ్లూ గప్పలేదు. ప్రశ్న మారింది.

వెబ్ వేదికల నుంచి సమాచారం తెచ్చుకునేవాళ్లకు ఎదురయ్యే అడ్డంకుల్లో చాలా భాగం ఇలాంటివే. ఏపీఐ దగ్గర నిమిషానికి ఎన్నిసార్లు అడగవచ్చు, ఒక జవాబులో ఎన్ని వరసలు వస్తాయి, ఎంత వెనక్కి వెళ్లి చూడవచ్చు అన్న హద్దులు ఎప్పుడూ ఉంటాయి. వాటిని చూడగానే శత్రువు గోడ కట్టాడన్నట్టు దొడ్డిదారి వెతకడం మన ప్రోగ్రామర్లలో పాతుకుపోయిన అలవాటు. ఆ అలవాటు మారాలి. ఎందుకంటే హద్దులన్నీ ఒక రకానివి కావు. కొన్ని అందరూ వాడుకునే సర్వర్ కుప్పకూలకుండా కాపాడేవి. కొన్ని సమాచారాన్ని సొమ్ము చేసుకోవడానికి గేటు మూసేసేవి. రెంటినీ ఒకే గాటన కట్టి మాట్లాడితే మొదటి రకం దగ్గర అన్యాయంగా ప్రవర్తిస్తాం, రెండో రకం దగ్గర అడగాల్సింది అడగకుండా ఊరుకుంటాం.

మొదటి రకం హద్దు దాటితే సర్వర్ 429 అనే సంఖ్యతో జవాబిస్తుంది. మరీ ఎక్కువసార్లు అడిగావు, ఆగమని దానర్థం. 2012లో ఇది ఇంటర్నెట్ ప్రమాణాల్లోకి చేరింది. ఆ జవాబుతో పాటు ఎన్ని సెకన్లు ఆగాలో కూడా సర్వర్ చెప్పవచ్చు. చాలా ప్రోగ్రాంలు ఆ అంకెను చదవనే చదవవు, వెంటనే మళ్లీ అడుగుతాయి. పద్ధతి తెలిసినవాళ్లు ఒక సెకను, రెండు, నాలుగు, ఎనిమిది అని విరామాన్ని రెట్టింపు చేసుకుంటూ పోతారు, దానికి కాస్త అటూఇటూగా యాదృచ్ఛిక సమయాన్ని కలుపుతారు. ఆ చివరి మెలకువ చాలా ముఖ్యం. వెయ్యి ప్రోగ్రాంలు ఒకే క్షణంలో ఆగి, లెక్క ప్రకారం ఒకే క్షణంలో తిరిగొస్తే అప్పుడే లేచిన సర్వర్ మళ్లీ పడుతుంది.

ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ దగ్గర ఇంకో సదుపాయం ఉంది. ఎవరో చెప్పకుండా అడిగితే గంటకు 60 ప్రశ్నలు, సొంత టోకెన్ చూపిస్తే 5,000. గతంలో తెచ్చుకున్న జవాబు గుర్తును పంపి, ఆ తర్వాత ఏమైనా మారిందా అని టోకెన్‌తో అడగవచ్చు. మారలేదని జవాబొస్తే ఆ ప్రశ్న కోటాలోంచి పోదు. అక్కడ సెర్చ్‌కు వెయ్యి ఫలితాల హద్దుంది. అడిగేదాన్ని తేదీలవారీగా ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో వెయ్యికి లోపే ఉండేలా అడిగితే మొత్తం జాబితా వస్తుంది.

అమెరికా జాతీయ జీవసాంకేతిక సమాచార కేంద్రం పబ్‌మెడ్ లాంటి వైద్య గ్రంథసూచికలను లోకానికి ఉచితంగా అందిస్తోంది. కీ లేకుండా సెకనుకు మూడు ప్రశ్నలు, కీ ఉంటే పది. పెద్ద పనులేవైనా ఉంటే శని, ఆదివారాల్లోనో, మామూలు రోజుల్లో అమెరికా తూర్పు తీరపు సమయం రాత్రి 9 నుంచి ఉదయం 5 లోపో చేసుకోమని కోరుతుంది. వేసవిలో అది మనకు ఉదయం ఆరున్నర నుంచి మధ్యాహ్నం రెండున్నర. హైదరాబాద్‌లోనో విశాఖలోనో కూర్చున్న పరిశోధకుడు పగటి వేళ తీరిగ్గా చేసే పని ఆ సర్వర్లకు ఖాళీ సమయంలో పడుతుంది. ఇంత అనుకూలత ఉందని మన విశ్వవిద్యాలయాల్లో ఎంతమంది విద్యార్థులకు చెబుతున్నారు?

వికీపీడియా సంగతి తెలుగువాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాలి. మామూలు వాడుకరి ఒక ప్రశ్నలో 50 వ్యాసాల పేర్లు ఇవ్వవచ్చు. ఇంగ్లిష్‌లో ఇది సాఫీగా సాగుతుంది. తెలుగులో ఇక్కడే చిక్కు. వెబ్‌లో వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు అక్షరమూ, గుణింతపు గుర్తూ మూడేసి బైట్లు తీసుకుంటాయి. వెబ్ చిరునామాలో పెట్టేటప్పుడు ఒక్కో బైట్ మూడు గుర్తులవుతుంది. ‘హైదరాబాదు’ అన్న పేరులో అక్షరాలూ గుర్తులూ కలిపి తొమ్మిది. ఇంగ్లిష్‌లో రాసినా తొమ్మిదే. కానీ చిరునామాలోకి వెళ్లేసరికి ఇంగ్లిష్ పేరు తొమ్మిది గుర్తులుగానే ఉంటుంది, తెలుగు పేరు 81 అవుతుంది. అలాంటివి 50 చేరిస్తే నాలుగు వేలు దాటుతుంది. వ్యాసాల పేర్లు పొడుగ్గా ఉంటే చాలా సర్వర్లు ఒప్పుకునే ఎనిమిది వేల చిల్లర హద్దునూ మించుతుంది, ప్రశ్న తిరిగొస్తుంది. తమ కోడ్‌లోనే తప్పుందనుకుని కుర్రాళ్లు గంటలు పారేసుకునేది ఇక్కడే. పేర్లకు బదులు వ్యాసాల గుర్తింపు సంఖ్యలు ఇస్తే సమస్య మాయం. పేర్లే ఇవ్వాలనుకుంటే వాటిని చిరునామాలో కాక పోస్ట్ పద్ధతిలో పంపాలి.

అంతకంటే పెద్ద మాట ఒకటుంది. తెలుగు వికీపీడియా మొత్తం కావాలనుకున్నవాళ్లు ఏపీఐ జోలికే పోనక్కర్లేదు. వికీమీడియా ఫౌండేషన్ ప్రతి భాషా వికీ నకలును ఎప్పటికప్పుడు ఫైళ్లుగా ఉంచుతుంది. ఒక్క డౌన్‌లోడ్‌తో సరి. ఆ సౌకర్యమున్నా పేజీ పేజీకీ వచ్చి తోడుకుపోయే బాట్లు ఆగడం లేదు. 2024 జనవరి నుంచి తమ బొమ్మలు, వీడియోల డౌన్‌లోడ్లకు ఖర్చయ్యే బ్యాండ్‌విడ్త్ 50 శాతం పెరిగిందనీ, అత్యంత ఖరీదైన రద్దీలో 65 శాతం బాట్లదేననీ 2025 ఏప్రిల్‌లో ఫౌండేషన్ వెల్లడించింది. విరాళాలతో నడిచే సంస్థ మీద అంత భారం వేయడం దోపిడీ. ఏఐ మోడళ్ల శిక్షణ కోసం చేసినా దోపిడీ దోపిడీయే.

మన దేశంలో ఏపీఐ హద్దుల సంగతి ఇంటింటికీ తెలిసొచ్చింది 2021 మేలో. 18 ఏళ్లు దాటినవారికి కొవిడ్ టీకా మొదలైన రోజులవి. టీకాల నమోదు పోర్టల్ కొవిన్‌లో ఖాళీలు కనిపించిన సెకన్లలోనే మాయమయ్యేవి. కంప్యూటర్ తెలిసినవాళ్లు దాని పబ్లిక్ ఏపీఐని నిమిషానికి పదిసార్లు తట్టే స్క్రిప్టులు రాసుకున్నారు. ప్రభుత్వం ఒక ఐపీ చిరునామాకు ఐదు నిమిషాల్లో 100 ప్రశ్నలన్న హద్దు పెట్టింది, చూపే సమాచారం అరగంట దాకా పాతది కావచ్చనీ చెప్పింది. కోపం రావడం సహజం. కానీ లెక్క వేసి చూడండి. ఒక జిల్లా కోడ్ ఇచ్చి ఒకసారి అడిగితే ఆ జిల్లాలోని కేంద్రాలన్నిటి వారం రోజుల వివరాలు వచ్చేవి. తెలంగాణకు 33 జిల్లాలు. 33 ప్రశ్నలతో రాష్ట్రమంతా చుట్టేయవచ్చు, ఐదు నిమిషాల్లో మూడు సార్లు చుట్టినా 99 ప్రశ్నలే. అప్పటికి 13 జిల్లాల ఆంధ్రప్రదేశ్‌ను ఏడుసార్లు చూడవచ్చు. అలా ఒకరు తెచ్చి టెలిగ్రామ్ ఛానెల్‌లో పెడితే వేలమంది చూసుకున్నారు. వేలమంది విడివిడిగా సర్వర్‌ను తట్టడం కంటే అది ఎంతో మేలైన పద్ధతి. అయినా స్మార్ట్‌ఫోన్, ఇంటర్నెట్ లేని కూలీకి ఆ వరసలో చోటెక్కడుంది? ఆ అన్యాయం ఏపీఐ హద్దుల వల్ల వచ్చింది కాదు. టీకాల కొరత వల్ల, వరసను పూర్తిగా ఆన్‌లైన్‌కు అప్పగించడం వల్ల వచ్చింది.

ఇక రెండో రకం హద్దులు. 2021 జనవరిలో ట్విటర్ విద్యా పరిశోధకులకు నెలకు కోటి ట్వీట్లు ఉచితంగా ఇచ్చే సౌకర్యం తెరిచింది. పాత ట్వీట్లన్నీ వెతుక్కునే వీలు కూడా ఇచ్చింది. 2023 ఫిబ్రవరిలో ఉచిత ఏపీఐని ఎత్తేస్తున్నట్టు ప్రకటించింది. తర్వాత వచ్చిన చవక పథకంలో అప్పట్లో నెలకు 100 డాలర్లు కడితే దొరికేది పది వేల ట్వీట్లు. దీనివల్ల జరిగిన నష్టంలో బయటివాళ్లకు కనిపించనిది ఒకటుంది. నిబంధనల ప్రకారం పరిశోధకులు ట్వీట్ల పాఠాన్ని పెద్ద ఎత్తున ఇతరులకు ఇవ్వకూడదు, గుర్తింపు సంఖ్యల జాబితాను మాత్రమే పంచుకోవాలి. కావలసినవాళ్లు ఆ సంఖ్యలతో ఏపీఐని అడిగి పాఠం తెచ్చుకునేవారు. ఎవరైనా తమ ట్వీట్ తీసేసుకుంటే అది ఇక దొరకదు, వారి ఇష్టానికి విలువ మిగిలేది. ఎంతో మర్యాదైన ఏర్పాటు. ఏపీఐకి ధర పెట్టగానే ఏళ్లపాటు కూడబెట్టిన ఆ జాబితాలు చాలా భాగం ఉత్త అంకెలుగా మిగిలాయి. నియమం పాటించినవాళ్లే నష్టపోయారు.

2023లోనే రెడిట్ కూడా తన ఏపీఐకి ధరలు పెట్టింది. ఏడాదికి సుమారు రెండు కోట్ల డాలర్లు కట్టాల్సి వస్తుందని తేలడంతో రెడిట్ చదివేందుకు వాడే అపోలో అనే ప్రసిద్ధ యాప్ జూన్ 30న మూతపడింది. ఫేస్‌బుక్ మీద ఏ పోస్టు ఎలా పాకుతోందో పాత్రికేయులు చూడగలిగిన క్రౌడ్‌టాంగిల్‌ను మెటా 2024 ఆగస్టు 14న ఆపేసింది. అమెరికా అధ్యక్ష ఎన్నికలకు ఇంకా మూడు నెలలు కూడా లేవనగా! బదులుగా తెచ్చిన కంటెంట్ లైబ్రరీకి దరఖాస్తు పెట్టుకోవాలి. లాభాల కోసం నడిచే పత్రికల్లో పనిచేసే విలేకరులకు అది అందదు.

ఈ గేట్ల దగ్గర ప్రశ్నను ఎంత తెలివిగా మార్చినా లాభం లేదు. దొంగ ఖాతాలూ, అద్దె ఐపీ చిరునామాలూ పరిష్కారం కాదు. అలా తెచ్చిన లెక్కను ఏ పత్రికా ధైర్యంగా అచ్చువేయలేదు, ఏ పరిశోధకుడూ ఇంకొకరిచేత సరిచూపించుకోలేడు. ఇక్కడ కావలసింది చట్టం. ఐరోపా సమాఖ్య డిజిటల్ సేవల చట్టం 40వ అధికరణం కింద, అక్కడ నాలుగున్నర కోట్లకు పైగా వాడుకరులున్న వేదికలు అర్హులైన పరిశోధకులకు సమాచారం ఇచ్చి తీరాలి. మన దేశంలో 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పరిశోధనకు కొంత మినహాయింపు ఇచ్చింది గానీ, వేదికలు ఏదైనా ఇవ్వాలని చెప్పలేదు. కోట్లమంది తెలుగువాళ్లు రోజూ వార్తలు చూసే చోట ఏం జరుగుతోందో తెలుసుకునే హక్కు తెలుగు పరిశోధకులకు లేకపోవడం పెద్ద లోటు. పార్లమెంటు సభ్యులు దీని గురించి అడగాలి.

మన ప్రభుత్వాల చేతిలోనే ఉన్న పని కూడా ఉంది. కేంద్రం ఓపెన్ డేటా వేదికలో నమూనా కీతో అడిగితే వచ్చేవి పది వరసలు. నమోదు చేసుకుని సొంత కీ తెచ్చుకోవాలని తెలియక అక్కడితో ఆగిపోయే విద్యార్థులున్నారు. ఆ మాట మొదటి పేజీలోనే తెలుగులోనూ రాసి ఉండాలి. 2016లో ఓపెన్ డేటా విధానం తెచ్చిన తెలంగాణ, తన పోర్టల్‌లో విద్యుత్ వినియోగం లాంటి లెక్కలను నేరుగా డౌన్‌లోడ్ చేసుకునే ఫైళ్లుగా పెడుతోంది. మంచి పద్ధతి, ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రతి శాఖా అలాగే చేయాలి. రెండు రాష్ట్రాలూ ఇంకో రెండు పనులు చేస్తే చాలు. ఫలానా తేదీ తర్వాత మారిన వరసలు మాత్రమే అడిగే వీలు ఇవ్వాలి. ఊరి పేరు ఇంగ్లిష్‌లో శాఖకో రకంగా రాస్తున్న ఈ రోజుల్లో, కేంద్ర స్థానిక ప్రభుత్వాల డైరెక్టరీలో ప్రతి గ్రామానికీ ఉన్న కోడ్‌ను ప్రతి వరసలోనూ చేర్చాలి.